సరితూకం వెబ్‌సైట్ పుట్టుపూర్వోత్తరాలు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, కాటావాళ్ళింట్లో ఉందని కాటావాళ్ళే చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. పెద్దవాడు పరదేశి, చిన్నవాడు నూకరాజు, వాళ్ళమ్మ సన్యాసమ్మ. ముగ్గురూ పొద్దున్నే చద్దన్నం తింటూ ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే చెయ్యి కడుక్కునేవారు.

"మన బుర్రలు మూడూ ఒకే బరువురా," అనేది సన్యాసమ్మ. "ఎవలికీ ఎక్కువ నేదు, ఎవలికీ తక్కువ నేదు."

ఆ మాట మాత్రం నిజమే.

మార్కెట్లో బెల్లం తూచే పెద్ద ఇనప కాటా వాళ్ళ తాతది. పైన దూలానికో కొక్కెం, కొక్కేనికి ఇనప దండె, దండెకి అటూ ఇటూ మనిషి పట్టేంత పళ్ళేలు, నడుమ జానెడు ముల్లు. తాత పోయేముందు మనవలిద్దరినీ పిలిచి, "ఒరే, ముల్లు నిటారుగా నిలబడేదాకా తూకం అవనట్టే. గుర్తెట్టుకోండి," అన్నాడు. పాపం, ఆయన బెల్లం గురించి అన్నాడు. వీళ్ళు లోకంలో ఉన్నవాటన్నిటి గురించీ అనుకున్నారు. ఏది ఎటు మొగ్గినా, తేలిపోయిన వైపు ఇంత పాసంగం, అంటే ఏ రాయో ఇనపముక్కో పడేసి, ముల్లు నిలబెట్టేదాకా వాళ్ళకి అన్నం సయించదు.

నూకరాజుకైతే ఆ కాటా ప్రాణం. చిన్నప్పుడు ప్రతి నూకాలమ్మ జాతరకీ తాత వాణ్ణి ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో బెల్లం పోసి తూచి, ఆ బెల్లం అందరికీ పంచేవాడు. మీసాలొచ్చాక కూడా నూకరాజు పొద్దున్నే కాటాకి దణ్ణం పెట్టుకుని, ఎవరూ చూడకుండా ఓసారి ఆ పళ్ళెంలో కూర్చుని లేచేవాడు.

ఇలా హాయిగా ఉండగా ఒకనాడు వాళ్ళ బావ అప్పలకొండ ఇంటికొచ్చాడు. ఆయన వీళ్ళ అక్క మొగుడు, మార్కెట్ వర్తకుల సంఘానికి అధ్యక్షుడు. నోరు దురుసే గాని మనసు బెల్లం. మంచినీళ్ళు తాగి, "దుకాణాలన్నిటికీ కంప్యూటర్లు కొన్నాం అత్తా," అన్నాడు. "వాటిని నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారంట. డబ్బెట్టి కొనేదొకటుంది, ఊరికే వచ్చేదొకటుంది. ఏది ఎయ్యాలో తెలీక సత్తన్నాం. ఎవడైనా రెండూ పోల్చి సెబితే బాగుణ్ణు."

అనకూడని ఇంట్లో అన్నాడు. అంతే.

"పోల్చడమంటే తూకమే కదేటి బావా!" అని లేచాడు నూకరాజు. "తూకం మా ఇంటి పనే కదేటి!"

అప్పలకొండ నాలిక కరుచుకున్నాడు. కాని అత్తగారు అప్పటికే కొడుకులిద్దరికీ ఎదురొచ్చి బొట్టు పెట్టేసింది. "సరే," అన్నాడు ఆయన. "జాతర నాటికి ఇదో అదో ఒకటి తేల్చండి. మీరు సెప్పిందే అందరికీ ఏయిత్తాను. మార్కెట్ గేటుకి మీ తాత పేరెట్టిత్తాను. తేల్చలేదో, ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి పడేత్తాను, మీ కాటా ఇంటికి మోసుకుపోవాలి."

"ఎలక్ట్రానిక్ కాటాకి ముల్లెంత ఉంటుంది బావా?"

"ముల్లుండదురా. అంకెలే."

ముల్లు లేని కాటా! నూకరాజుకి కళ్ళు తిరిగాయి. తాత కాటా ఎలాగైనా నిలబెట్టాలని అక్కడికక్కడే అమ్మ మీద ఒట్టేశాడు.

మర్నాడే కంప్యూటర్ల షాపు జోగారావు చేత అచ్చం ఒక్కలాంటి కంప్యూటర్లు రెండు తెప్పించారు. ఒకదాంట్లో కొన్నది వేయించారు, రెండోదాంట్లో ఊరికే వచ్చింది వేయించారు. తీర్పు లోకమంతా చూడాలి కదా, అందుకని ఒక వెబ్‌సైట్ పెట్టించారు. సన్యాసమ్మ దానికి 'సరితూకం' అని పేరు పెట్టింది.

ఆ తర్వాత రెండు కంప్యూటర్లనీ తీసుకెళ్ళి కాటాకి చెరో పళ్ళెంలో పెట్టారు.

"అదేంటి పరదేశిగారూ!" అన్నాడు జోగారావు. "అది తూచేది కాదండీ, లోపలుంటుంది."

"లోపలున్నా బరువుంటాది కదా. బెల్లంలో ఇసకా లోపలే ఉంటాది, తూకంలో తెలవదేటి?" అన్నాడు పరదేశి. ముల్లు ఊగి ఊగి నిటారుగా నిలబడింది. సరితూకం వెబ్‌సైట్లో మొట్టమొదటి పేజీ ఆవేళే వెలిసింది. కాటా ఫోటో, కింద ఒకే ముక్క: "తూచాము. సమానం."

సాయంత్రానికి వేలమంది చూశారు. పళ్ళు ఇకిలించి, కళ్ళమ్మట నీళ్ళు కార్చే పసుపు బొమ్మలు కుప్పలుగా పంపారు.

"సూడరా, జనం ఎంత సంబరపడతన్నారో," అంది సన్యాసమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఇన్నాళ్ళకి నిజం సెప్పినోళ్ళు దొరికారని ఏడుత్తన్నారు పాపం."

అందులో విజయనగరం మాస్టారొకాయన బుద్ధిగా రాశాడు: "అయ్యా, ఖాళీగా ఉంచితే ఏం తెలుస్తుంది? రెండింటి మీదా ఒకే భారం మోపండి. ఏది ముందు మొరాయిస్తుందో చూడండి."

ఇంకేముంది! చెరోదాని మీదా పెద్ద బెల్లం దిమ్మ ఎక్కించి, మార్కెట్ నడిమధ్యన ఎండలో పెట్టి, ఎదురుగా ముక్కాలిపీటలేసుకుని కూర్చున్నారు. ఫాల్గుణమాసపు ఎండ. బెల్లం చెమర్చింది, కారింది, సందుల్లోంచి లోపలికి దిగింది. కాసేపటికి చీమలొచ్చాయి. వాటికి ఎందుకు ముద్దొచ్చిందో గాని, ఊరికే వచ్చిన దాని మీదికే బారులు తీరాయి.

"అన్నియ్యా, సీమలు అటే మొగ్గిపోతన్నాయి!" అని గోల పెట్టాడు నూకరాజు.

"పాసంగం ఎయ్యి!"

గిన్నెడు పాకం తెచ్చి కొన్నదాని నెత్తిన పోశారు. చీమలు సర్దుకున్నాయి. రెండో పేజీ: "చీమలకి చూపించాము. సమానం."

జోగారావు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. రెండు పెట్టెలూ విప్పి, బ్రష్షుతో దులిపి, తుడిచి, మళ్ళీ బిగించాడు. "అమ్మా, మీకు పుణ్యముంటుంది," అని సన్యాసమ్మకి చేతులు జోడించాడు. "చీమలొద్దు, కాటా వద్దు. రెండింటికీ బొత్తాం నొక్కండి. ఏది ముందు లేస్తే అది చురుకైనదని రాసుకోండి. అంతే."

నొక్కారు. ఒకటి చటుక్కున లేచి కూర్చుంది. రెండోది ఇంకా ఒళ్ళు విరుచుకుంటోంది. మళ్ళీ మొగ్గు! సన్యాసమ్మకి కోపమొచ్చింది. "తోడికోడలు లేవకుండా ముందు లేచిపోయి మంచిపేరు కొట్టేద్దామనేటి?" అని ముందు లేచినదాని బొత్తాం నొక్కి పడుకోబెట్టేసింది. ఆనాటి నుంచి ఆవిడ పని అదే. పీట వేసుకుని పక్కనే కూర్చునేది, అది లేవబోతుంటే పడుకోబెట్టేది, రెండోది కళ్ళు తెరిచాకే లేవనిచ్చేది. మూడో పేజీ: "లేపి చూశాము. సమానం. అమ్మకి నడుం నొప్పి."

జనం ఇంకా ఏడ్చారు.

అప్పుడొక తుంటరి రాశాడు: "ఈ పేజీలన్నీ ఏ కంప్యూటర్ మీద రాస్తున్నారండీ? ఒకదాని మీద కూర్చుని రెండింటికీ తీర్పు చెబుతారా? ఇది పక్షపాతం కాదా?"

నూకరాజుకి ఆ పూట ముద్ద దిగలేదు. నిజమే మరి. ఇన్నాళ్ళూ కొన్నదాని మీద కూర్చునే రాస్తున్నాడు. తాత పైనుంచి చూస్తూ ఏమనుకుంటున్నాడో! అన్నదమ్ములు కూడబలుక్కుని వెబ్‌సైట్‌ని నడిమికి కోసేశారు. ప్రతి వాక్యమూ మొదటి సగం కొన్నదాని మీద రాసి ఒక పేజీలో పెట్టేవారు. రెండో సగం ఊరికే వచ్చిన దాని మీద రాసి వేరే పేజీలో పెట్టేవారు. మొదటి పేజీలో ఇలా ఉంది: "దుకాణదారులారా, కొన్నదే వేయించుకోండి అని". రెండో పేజీలో ఇలా ఉంది: "మేము ఎప్పుడూ అనలేదు."

మొదటి పేజీ ఒక్కటే చూసిన దుకాణదారులు పరుగున పోయి కొన్నది కొనేశారు. మర్నాడు రెండో పేజీ చూసి, అదే పరుగున అప్పలకొండ ఇంటి మీదికి వెళ్ళారు.

అప్పలకొండ ఆ కోపం మీదే ఎలక్ట్రానిక్ కాటా తెప్పించేశాడు. అట్టపెట్టెలోంచి తీసి, తాత కాటా పక్కనే గోడవార నిలబెట్టించాడు. "జాతర రేపే!" అని వేలు చూపించి వెళ్ళాడు. నూకరాజు ఆ కొత్త కాటా చుట్టూ తిరిగి చూశాడు. నిజంగానే ముల్లు లేదు. తాత కాటా పళ్ళెంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జాతర రోజున వర్తకులందరూ మార్కెట్లో కూడారు. పరదేశి కంప్యూటర్లు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టి బొత్తాలు నొక్కాడు. జోగారావు ఎంత దులిపినా లోపల ఏ చీమ మిగిలిందో, ఊరికే వచ్చింది ఉన్న పెట్టె కిక్కురుమనలేదు. కొన్నది ఉన్న పెట్టె మాత్రం చక్కగా లేచి వెలిగింది.

అప్పలకొండ మొహమూ వెలిగింది. అది చీమల పాపమని ఆయనకి తెలుసు. అయినా ఎలాగో ఒకలాగ ఈ గొడవ వదిలితే చాలనుకున్నాడు. "తేలిపోయింది కదరా! ఒకటి సచ్చింది, ఒకటి బతికుంది. బతికున్నదాని పేరు సెప్పు. ఒక్క మాట! మీ తాత కాటా ఇక్కడే ఉంటాది," అన్నాడు.

నూకరాజు లేచాడు. గేటు వైపు చూశాడు. తాత పేరు అప్పుడే అక్కడ రాసినట్టు కనిపించింది. గొంతు సవరించుకుని, "కొన్న..." అన్నాడు. ఆగిపోయాడు. ఒకటి చచ్చి ఒకటి బతికుంటే ముల్లు ఎక్కడుంటుంది?

"అమ్మా, మొగ్గిపోయిందే!"

"మరి సూత్తావేటిరా? పాసంగం!"

సన్యాసమ్మ చేతిలో అమ్మవారి పానకం చెంబుంది. నూకరాజు అందుకుని వెలుగుతున్న పెట్టెలో గుమ్మరించాడు. ఠప్పుమంది, పొగొచ్చింది, ఆరిపోయింది.

"సమానం!" అన్నారు ముగ్గురూ.

అప్పలకొండ తిడదామని నోరు తెరిచాడు గాని, నూకరాజు కొత్త కాటా వైపు బెదురుగా చూస్తుంటే ఆయనకి జాలేసింది. ఎంతైనా బావమరిది. దగ్గరికి పిలిచి, మెల్లిగా, "ఒరే, నీకు ఎబ్‌సైట్ కావాలా, తాత కాటా కావాలా? ఒకటే ఉంటాది, రెండోది పోతాది. ఏదో తేల్చుకో," అన్నాడు. కాటా అంటాడని ఆయనకి గట్టి నమ్మకం. ఒక్కసారి అంటే చాలు, కొత్త కాటా వెనక్కి పంపించేద్దామని అప్పటికే అనుకున్నాడు కూడా.

నూకరాజు నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"ఆగరా," అన్నాడు పరదేశి. "తూయకుండా ఎలగ తేలుత్తాం?"

నిజమే కదా! వెబ్‌సైట్ రాసిన పెట్టెలు రెండూ తెచ్చి ఎడమ పళ్ళెంలో పెట్టారు. ఇక కుడి పళ్ళెంలో కాటాని పెట్టాలి.

"కాటా పైనుంది కదన్నియ్యా. దింపితే గాని పళ్ళెంలో ఎట్టలేం."

"అయితే దింపేద్దాం. నువ్వు కిందుండి పట్టుకో."

"ఒరే ఒరే ఒరే!" అంటూ అప్పలకొండ పరుగెత్తుకొచ్చేలోపే పరదేశి దూలమెక్కి కొక్కెం విప్పేశాడు. అంతే! దండె, పళ్ళేలు, గొలుసులు, వెబ్‌సైటు, అన్నీ కలిసి ధడేలుమని కింద పడ్డాయి. నూకరాజు పట్టుకోలేదు, పక్కకి గెంతాడు. ఆ ఇంటివాళ్ళు తెలివైన పని చేశారంటే అదొక్కటే.

దుమ్ము తగ్గాక చూస్తే తాత కాటా ముక్కలు ముక్కలుగా పడుంది. నూకరాజు కూలబడి, వంగిపోయిన పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని, "తాతా!" అని భోరుమన్నాడు. అప్పలకొండకీ కళ్ళు తడిశాయి. అంతలో సన్యాసమ్మ కేక పెట్టింది.

"ఏడుపాపి అటు సూడరా నూకా!"

ఊడిపోయిన ముల్లు ఎగిరెళ్ళి పక్కనున్న బెల్లం దిమ్మలో గుచ్చుకుని నిలబడింది. నూకరాజు కళ్ళు తుడుచుకుని, నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

"పిసరంత ఎడమకి మొగ్గినట్టుందే అమ్మా."

"అయితే కుడేపు పాసంగం ఎయ్యి. బరువైందేదైనా సూడు."

నూకరాజు చుట్టూ చూశాడు. గోడవారన కొత్త కాటా తప్ప అంత బరువైంది ఇంకేమీ కనబడలేదు. ఎలాగూ ముల్లు లేనిదే కదా, ఇంకెందుకు పనికొస్తుంది? రెండు చేతులా పైకెత్తి, దిమ్మకి కుడివైపు శక్తికొద్దీ పడేశాడు. దాని అంకెలు మార్కెట్టంతా చెల్లాచెదరయ్యాయి. దిమ్మ అదిరి, పిసరంత కదిలి, సర్దుకుంది.

ముల్లు నిటారుగా నిలబడింది.

"బావా!" అన్నాడు నూకరాజు సంతోషంగా. "తేలిపోయింది. అన్నీ సమానం!"