ఎలుకలకు పాఠం

ఒకానొక రాజుగారి ధాన్యపు కొట్టు నిండా ఎలుకలే. మంత్రి విరూపాక్షయ్య ఒక్క ఎలుకనైనా చూడకుండానే వాటి అలవాట్ల మీద పెద్ద గ్రంథం రాసి, కొట్టులోనే అటక మీద దాచాడు. దాని ప్రకారం లడ్డూ పెట్టిన చందనపు బోను చేయించాడు. ఒక్కటీ పడలేదు.

"బోనులో తప్పు లేదు, ఎలుకలకే వాడటం రాదు. మూడు రోజుల్లో వాటికి నేర్పు, లేదంటే నీ కొలువు ఊడుతుంది," అని ధాన్యం చెరిగే చుక్కమ్మను గద్దించాడు.

చుక్కమ్మ మూడు రోజులూ ఓ మూల కూర్చుని ఎలుకలనే చూసింది. నాలుగో రోజు తెల్లారేసరికి బోను నిండిపోయింది.

మంత్రి మీసం మెలేశాడు. "నా గ్రంథం చదివి వినిపించావా?"

"లేదయ్యగారూ. అవి అప్పటికే సగం తినేశాయి. లడ్డూ తీసేసి, మిగతా సగం బోనులో పెట్టాను."