వేలు పట్టే సందు

మాట వినని బిడ్డని బలవంతంగానైనా దారిలో పెట్టడం తప్పా కాదా అని చిన్నంనాయుడు తన గురువుని అడిగిన రోజున నేను అక్కడే ఉన్నాను. అడిగింది ఏ ఆశ్రమంలోనో కాదు. విజయనగరంలో, రైలు గేటు అవతల, గవర్రాజు మేస్త్రి కార్ల షెడ్డులో, నేలలో తవ్విన గోతిలో, ఒక పాత కారు పొట్టకింద నిలబడి అడిగాడు. నేను నా స్కూటరు బాగుచేయించుకోడానికి వెళ్ళి బల్లమీద కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఆ ప్రశ్నకి నా దగ్గర గంటన్నర ఉపన్యాసం తయారుగా ఉంది. అదృష్టవశాత్తూ నన్నెవరూ అడగలేదు.

గవర్రాజు మేస్త్రికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. అడిగిన ప్రశ్నకి నోటితో జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి ప్రశ్నని లాక్కుపోతాడు, అర్థమైనవాడికి అయినంత. చిన్నంనాయుడు నలభై దాటినవాడు, ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు గాని కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుంది.

ఆ కారు ఆరు సిలిండర్లది. ఒక రైసుమిల్లు ఆసామి తాతల కాలంనాడు కొన్నది. ఇంజను ఇప్పటికీ గడియారంలా నడుస్తుంది గాని, గేర్‌బాక్సు లోపల పళ్ళు రాలిపోయి, నూనెతో పాటు ఇనప ముక్కలు కక్కింది. అలాంటి గేర్‌బాక్సు ఇంకొకటి కలకత్తాలో పాత సామాన్ల వీధిలో దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. మూడోది ఉందని ఎవరూ చెప్పలేకపోయారు. "దీన్ని పగలగొట్టుకుంటే ఇక కారుని కోళ్ళగూడు చేసుకోవడమే" అని మేస్త్రి ఆ పొద్దున్నే అన్నాడు.

చిన్నంనాయుడు కూతురు లిఖితకి పదహారేళ్ళు. విశాఖలో హాస్టలున్న కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. నాలుగు రోజుల సెలవుకి ఇంటికొచ్చి, నిన్న సాయంత్రం మేడమీది గదిలో దూరి లోపల గడియ పెట్టుకుంది. తిరిగి వెళ్ళనంటుంది. తల్లి కిటికీలోంచి అందించిన మజ్జిగన్నం తీసుకుంది గాని తలుపు తియ్యలేదు. ఈ సాయంత్రం అయిదింటికల్లా పిల్ల అక్కడ లేకపోతే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్ళు ఫోను చేశారు.

"ఒంటిగంటకి మా బావమరిది ఆటో తెస్తాడు, గునపం కూడా తెమ్మన్నాను" అన్నాడు చిన్నంనాయుడు. "తలుపు ఊడగొట్టయినా తీసికెల్లిపోతాం. ఓ వారం ఏడుస్తాది, తరవాత అదే లొంగుద్ది. తప్పంటారా గురువుగారూ?"

"ఎందుకెల్లనంటోంది?"

"అడగడానికేటుంది? సదవాలి, అంతే."

మేస్త్రి కారు పొట్టకేసి చూశాడు. "సరే, గేర్‌బాక్సు ఎత్తు" అన్నాడు.

ఇక్కడ ఆ షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు, అది తన చోట్లో తాను కూర్చునేదాకా గోతిలో ఉన్నవాడి చేతిలో పానా ఉండకూడదు. పానాలన్నీ గోతి గట్టుమీద, చెయ్యి చాస్తే గాని అందనంత దూరంలో పెడతారు. గేర్‌బాక్సు ముందుకి పొడుచుకుని ఒక షాఫ్టు ఉంటుంది. అది క్లచ్ ప్లేటు పళ్ళలోంచి దూరి, ఇంజను చివరనున్న చిన్న రంధ్రంలో, బుష్షు అనే ఇత్తడి తొడుగులోకి పోయి కూర్చోవాలి. కూర్చుందా, రెండు ఇనప మొహాలూ సందు లేకుండా అతుక్కుంటాయి. అప్పుడే బోల్టులూ, బిగింపులూ. కూర్చోనిదాన్ని బోల్టులతో లాగితే బోల్టు పట్టే చెవి విరుగుతుంది. విరగకపోతే లోపల ఏదో వంగుతుంది, అది ఇంకా అన్యాయం, ఎందుకంటే పైకి కనపడదు.

జాకీ మీద గేర్‌బాక్సు లేచింది. గురుశిష్యులిద్దరూ చెరోపక్క పట్టుకుని ముందుకి నెట్టారు. షాఫ్టు ప్లేటులోంచి దూరింది గాని చివర్లో ఆగిపోయింది. ఇంజనుకీ దానికీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. కదిపారు, ఊపారు, వెనక షాఫ్టుని చేత్తో తిప్పి చూశారు. గంట సేపు అదే పని. జూన్ నెల రేకుల షెడ్డు, చిన్నంనాయుడు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పన్నెండున్నరకి ఫోను మోగింది. బావమరిది బయల్దేరుతున్నాడు.

"వేలెడు సందు గురువుగారూ, రెండు బోల్టులేసి లాగేస్తే వచ్చేస్తాది."

"రాదు."

"ఎందుకు రాదు? అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా సేత్తో నేనే పెట్టాను."

చిన్నంనాయుడు పొడుగు బోల్టులు రెండు తీసి చెరోపక్కా చేత్తో ఎక్కించాడు. తరవాత చెయ్యి చాచి గట్టుమీది పానా అందుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో అతను ఆ ఆచారం తప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. పానా బోల్టుకి పట్టించాడు.

అప్పుడు మేస్త్రి తన కుడిచేతి చూపుడు వేలూ, నడిమి వేలూ ఆ సందులో పెట్టాడు. అడ్డంగా, గోళ్ళు దాటి లోపలికి పెట్టి, "బిగించు" అన్నాడు.

ఆ వేళ్ళ గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంజనుమీద ఆనిస్తే చాలు జబ్బేమిటో చెప్పేస్తాయి. నేను బల్లమీంచి లేచాను, అంతే. పెద్దవాణ్ణి, వద్దని ఒక్క మాట అనవలసింది. అనలేకపోయినందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

"తియ్యండి గురువుగారూ."

"వేలెడు సందేగా, బిగించు."

చిన్నంనాయుడి మెడ నరాలు ఉబ్బాయి. గురువు వేళ్ళు తీస్తాడులే అనుకున్నాడు, అది అతని మొహంలో నాకు స్పష్టంగా కనపడింది. పానా పావు చుట్టు తిప్పాడు. మేస్త్రి వేళ్ళు తియ్యలేదు. ఇంకో పావు చుట్టు తిప్పాడు. గోళ్ళ కింద రక్తం పోయి వేళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే, ఇంకెందుకో కాదు. అయినా చెయ్యి కదల్లేదు, శిష్యుడి మొహంమీంచి చూపూ కదల్లేదు.

షెడ్డులో రేకులు ఎండకి చిటపటలాడుతున్నాయి. చిన్నంనాయుడి చెయ్యి పానామీదే ఆగింది. ముందుకి తిప్పితే ఆ వేళ్ళు ఇక లేవు. వెనక్కి తిప్పితే తన మాట తప్పు. ఇంత చిన్న విషయానికి మనిషి అంతసేపు ఆలోచిస్తాడా అని మీరు అడగొచ్చు. ఆలోచిస్తాడు. నేనూ ఇంట్లో భార్యాబిడ్డలతో అలా ఆలోచించినవాణ్ణే, కొన్నిసార్లు ముందుకే తిప్పినవాణ్ణి.

పానా వెనక్కి తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. చిన్నంనాయుడు దాన్ని గట్టుమీదకి విసిరేసి, మేస్త్రి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని బయటికి తీశాడు. "మీరు తీసేస్తారనుకున్నాను" అన్నాడు. ఆ తరవాత ఏడ్చాడు. మేస్త్రి వేళ్ళు ఒకసారి ముడిచి, చాపి చూసుకుని, "దించు" అన్నాడు.

గేర్‌బాక్సు దించారు. ఇంజను చివర రంధ్రంలోకి చిన్నంనాయుడే వేలు పెట్టి తడిమి చూశాడు. నిన్న వేసిన కొత్త బుష్షు లోపలికంటా పోలేదు, గింజంత బయటికే ఉంది. దాని వెనక ఏదో ఉన్నట్టుంది, షాఫ్టు కొస దానికే తగిలి ఆగుతోంది. రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిపడ్డ కడ్డీ పెట్టి మెల్లగా కొట్టాడు. గ్రీజు వెనకనుంచి తోసుకొచ్చి ముందు బుష్షు ఊడింది. ఇంకొంచెం కూరి కొడితే దాని వెనకనుంచి ఇత్తడి చుట్టు ముక్క ఒకటి బయటికొచ్చింది. విరిగిన పాత బుష్షుది.

చిన్నంనాయుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. "నిన్న సాయంత్రం బుష్షు కొడతన్నప్పుడు మా ఆవిడ ఫోను సేసింది, మా గుంట గదిలో గడియెట్టుకుందని" అన్నాడు. "ఆ కోపంలో లోపల సూడకుండా కొట్టేశాను గురువుగారూ. ఇది నేను ఒగ్గేసిందే."

కొత్త బుష్షు మళ్ళీ దిగ్గొట్టి, గేర్‌బాక్సు మళ్ళీ ఎత్తారు. ఈసారి చిన్నంనాయుడు వెనక షాఫ్టుని కాస్త తిప్పాడంతే, టక్కుమని చిన్న చప్పుడుతో అది తనంతట తాను పోయి కూర్చుంది. సందులో కాగితం కూడా పట్టదు. అప్పుడు మేస్త్రి తనే పానా అందించాడు. "ఇప్పుడు బిగించు, నీ బలమంతా పెట్టు" అన్నాడు.

బోల్టులన్నీ బిగించేసరికి ఒంటిగంటన్నర అయింది. బయట ఆటో వచ్చి చాలాసేపైంది. బావమరిది రామినాయుడు హారను మీద హారను కొడుతున్నాడు, కాళ్ళ దగ్గర గునపం పెట్టుకుని. చిన్నంనాయుడు గోతిలోంచి పైకొచ్చి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఆటో దగ్గరికి వెళ్ళాడు. గునపం తీసి షెడ్డు గోడకి ఆనించి, వెనక్కి వచ్చి గురువు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎల్లి ఏటని అడగమంటారు?"

మేస్త్రి కమిలిపోయిన వేళ్ళని చల్లటి నీళ్ళ డబ్బాలో ముంచి కూర్చున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు:

"ఇక్కడ నా వేళ్ళు కనబడ్డాయి గనక ఆగావు. అక్కడ నలిగేది కనబడదు."