పదో కడవ నూనె

ఏ పటంలోనూ దొరకని నీలకూట రాజ్యంలో, ఎన్నేళ్ల కిందటిదో తెలియని ఒక వేసవిలో, మొదటి జాము గంట కొట్టగానే మంత్రిణి అనఘ అందరిలాగే బిందె పట్టుకుని నీళ్లకు వెళ్లింది.

ఊరు కొండ మీద ఉంది. ఏరు లోయలో ఉంది. నేలనూనె మండించి తిప్పే యంత్రం ఒక్కటే నీళ్లను పైకి తెచ్చేది. నూనె బావులన్నీ కుబేరదత్తుడివి. ఆయన కాదంటే ఊరికి గుక్కెడు నీళ్లుండవు.

ఆ సంగతి తలచుకుంటూనే అనఘ రాజు దగ్గరకు వెళ్లింది.

"ప్రభూ, తోడిన నూనెలో ప్రతి పది కడవలకూ ఒకటి పన్నుగా తీసుకుందాం. ఆ సొమ్ముతో గాలిమర కడదాం. గాలి ఎవరి బావిలోనూ లేదు."

"సరే. వేసవి దాటేలోగా దానితో నీళ్లు రావాలి. రాకపోతే పన్నూ ఉండదు, నీ పదవీ ఉండదు" అన్నాడు రాజు.

ఆ సంగతి విని కుబేరదత్తుడు పకపకా నవ్వాడు. "నా నూనె అమ్మి గాలి కొంటావా తల్లీ? శేరు గాలి ఎంతట?"

నీలకూటంలో ఏది కట్టినా తూర్పుముఖంగానే కడతారు. మొదటి మరనూ అలాగే కట్టారు. గాలి పడమటి నుంచి వీచింది. రెక్క కదలలేదు.

"బొమ్మ బాగుంది, పూజ చేసుకోండి" అన్నాడు కుబేరదత్తుడు.

రెండో మరను పడమటి ముఖంగా కట్టారు. కొన్నాళ్లు జోరుగా తిరిగింది. అంతలో గాలి దక్షిణానికి మళ్లింది. మర నిలిచిపోయింది.

"గాలికి నీ ఆజ్ఞ అందలేదేమో తల్లీ!" అన్నాడు కుబేరదత్తుడు.

అనఘ ఇంటికి వెళ్లింది. మేడ మీద ఆరేసిన చీర, గాలి ఎటు వీస్తే అటు ఎగరడం చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత వడ్రంగులను పిలిచింది.

"అన్నలారా, తప్పు మనదే. మర ముఖం ఎటుండాలో మనం నిర్ణయించాం. ఈసారి దాని తలను ఇరుసు మీద నిలపండి. వెనక వెడల్పాటి తోక పెట్టండి. ఎటు తిరగాలో గాలే చెబుతుంది."

మూడో మర లేచిన నాడే కుబేరదత్తుడు బావులు మూయించాడు. పన్ను ఎత్తేస్తేనే నూనె అని చాటింపు వేయించాడు. నీటి యంత్రం ఆగింది. గాలి లేక కొత్త మర కూడా కదలలేదు. జనం ఖాళీ బిందెలతో కోట ముందు నిలబడ్డారు.

"ఎత్తేయమంటావా?" అడిగాడు రాజు.

"పొద్దుగూకే దాకా ఆగండి ప్రభూ" అంది అనఘ.

మూడో జాములో గాలి లేచింది. తోక ఊగింది. తల మెల్లగా ఈశాన్యానికి తిరిగి ఆగింది. రెక్కలు కిర్రుమన్నాయి, కదిలాయి, కంటికి ఆనకుండా తిరిగాయి. తొట్టిలోకి నీళ్లు ధారగా దూకాయి.

"వచ్చాయర్రోయ్!" అని జనం గంతులేశారు. రాజు అందరికంటే ముందు దోసిలి పట్టి తాగాడు. "పన్నూ ఉంటుంది, మంత్రిణీ ఉంటుంది" అన్నాడు తడిసిన మీసంతో. ప్రతి గుట్ట మీదా ఒక మర కట్టమని అక్కడే ఆజ్ఞాపించాడు.

కొన్నాళ్లకు భటులు ఆ బావులు తెరిచి చూశారు. కుబేరదత్తుడు పంతానికి మూయించినవి సగమే. మిగతా సగం అంతకుముందే అడుగంటిపోయాయి.

తరిగిపోయే సంపద చేతిలో ఉండగానే, దానితో తరగనిదాన్ని సంపాదించుకోవాలి.