లిఫ్టులో ఒక కాలు

ఈదర గవర్రాజు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే చాలు, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెడతారు. ఆ తుడవడం పూర్తయ్యేలోపు అడిగినవాళ్ళకి జవాబైనా తట్టాలి, విసుగైనా పుట్టాలి. ముప్పై ఏళ్ళు కార్టూన్లు గీసి, చెయ్యి వణకడం మొదలయ్యాక కుంచె పక్కన పెట్టేసిన మనిషి. ఇప్పుడు కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నారు. ఉన్న శిష్యురాలు ఒక్కతే, సువర్చల.

ఆ శనివారం మధ్యాహ్నం సువర్చల ఆయన ముందు పన్నెండు బొమ్మలు పరిచి, "అసలు నవ్వు ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ?" అని అడిగింది.

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే ఆమె ఆరు నెలలుగా ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి కార్టూన్లు వేస్తోంది. నిన్ననే ఎడిటర్ విశ్వపతి గారు ఫోన్ చేశారు. "మీ గీతకి వంక పెట్టలేమమ్మా, నవ్వే రావడం లేదు. రేపు అయిదు గంటల్లోపు ఇంకో బొమ్మ పంపండి. అదీ ఇలాగే ఉంటే, ఏమీ అనుకోవద్దు, ఆ చోటు గళ్ళనుడికట్టుకి ఇచ్చేస్తాం" అన్నారు. చిన్నప్పటినుంచీ ఆమె కోరుకున్నది ఆ నాలుగంగుళాల చోటే. అది పోతుందంటే రాత్రి ముద్ద దిగలేదు.

మాస్టారు ఒక్కో బొమ్మనీ రైతుబజారులో వంకాయలు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. పెళ్ళిలో సెల్ఫీ కోసం పురోహితుణ్ణి పక్కకి నెట్టేసిన పెద్దమనిషి, వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పంపేసి మళ్ళీ ముసుగుతన్నిన పక్కింటాయన, జిమ్ము నుంచి తిన్నగా బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిన ఎదురింటావిడ. చూసి, "బావున్నాయమ్మా. ఊరంతా ఉంది" అన్నారు. కళ్ళజోడు తీశారు.

ఇక ఇవాళ్టికి ఇంతే అనుకుని సువర్చల లేచింది. "వెళ్ళొస్తాను మాస్టారూ. అయిదింటికల్లా ఏదో ఒకటి పంపాలి, క్షణం తీరిక లేదు."

మన వాళ్ళు వెళ్ళొస్తానన్నారంటే వెళ్తారనా? అసలు కబుర్లు అప్పుడే మొదలవుతాయి. గుమ్మం దగ్గర ఒక విడత, చెప్పులేసుకుంటూ ఒక విడత అయ్యాయి. లిఫ్టు వచ్చింది. సువర్చల కటకటాల తలుపు లాగి ఒక కాలు లోపల పెట్టింది. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య శేషారత్నం గారు గుప్పెడు కరివేపాకు పట్టుకుని వచ్చి, "అన్నట్టు, మీ ఆడపడుచు సంబంధం ఏమైందే?" అంది. ఇంకేముంది! ఆ సంబంధం, వాళ్ళ జాతకాలు, అక్కణ్ణుంచి చింతకాయ పచ్చడిలో ఉప్పు దాకా సాగింది. మాస్టారు గుమ్మానికి ఆనుకుని, చిన్నపిల్లాడు కోతి ఆట చూసినట్టు చూస్తున్నారు.

"దయచేసి తలుపు మూయండి" అంది లిఫ్టులో రికార్డు గొంతు. ఆగకుండా అంటూనే ఉంది.

"ఉండవమ్మా తల్లీ, రెండు ముక్కలు మాట్లాడుకోనీ!" అని శేషారత్నం గారు లిఫ్టుని కసిరింది.

కింద నుంచి ఎవరో ఊచలు దబదబా బాదారు. "పైన లిఫ్టు ఎవరండీ ఆపేసిందీ?"

సువర్చలకి చిర్రెత్తుకొచ్చింది. మాట మధ్యలో తెగితే ఎవరికి మండదు? మెడ సాచి కిందికి అరిచింది. "ఎవరో తలుపు వెయ్యలేదండీ! ఈ అపార్ట్‌మెంటు జనానికి బొత్తిగా బుద్ధి లేదు!"

కాసేపటికి నీళ్ళ టిన్ను భుజానేసుకుని, రొప్పుతూ, మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. సువర్చల మొహం చూశాడు. లిఫ్టులో ఉన్న ఆమె కాలు చూశాడు. "దొరికారాండీ, ఆ ఎవరో?" అని అడిగి, పై అంతస్తుకి వెళ్ళిపోయాడు.

పన్నెండు బొమ్మలకీ పెదవి కదపని గవర్రాజు మాస్టారు గోడ పట్టుకుని నవ్వారు. కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వారు. సువర్చల సిగ్గుతో చచ్చిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. తీరా తన కాలు వంక మరోసారి చూసుకునేసరికి ఆపుకోలేక తనూ ఫక్కుమంది.

కాలు తీసి, తలుపు వేసి, అక్కడే మెట్టు మీద కూలబడి, లిఫ్టులో ఒక కాలు పెట్టి కిందికి అరుస్తున్న ఆడమనిషిని గీయడం మొదలుపెట్టింది. చేతి అలవాటు కొద్దీ బొమ్మలో ఆడమనిషికి ఎదురింటావిడ బుగ్గలు, ఎదురింటావిడ కొప్పు వచ్చాయి. ఆమెకే ఎక్కడో గుచ్చుకుంది. రబ్బరు తీసి చెరిపేసింది. తన పొడుగు ముక్కే పెట్టింది, దాని మీద ఎప్పుడూ ఓ పక్కకి జారే తన కళ్ళజోడే పెట్టింది. నాలుగూ నలభైకి ఫోనులో ఫోటో తీసి ఎడిటర్‌కి పంపింది. తెర వంకే చూస్తూ కూర్చుంది.

పది నిమిషాలకి విశ్వపతి గారి గొంతు వచ్చింది. "గళ్ళనుడికట్టు సంగతి మర్చిపోండమ్మా. అది సరే గానీ, మా లిఫ్టు దగ్గర నన్ను మీరెప్పుడు చూశారండీ?"

ఫోను పెట్టేసి సువర్చల తెల్లబోయింది. పత్రికలో వేసే ఫోటోలో ఆయనకి మీసాలున్నాయి, బట్టతల ఉంది. పైగా ఆమె ఆయన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూసి ఎరగదు.

"మాస్టారూ, నేను గీసింది నా ముక్కు కదండీ. ఆయన తనదంటాడేమిటి?"

మాస్టారు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"ముక్కు ఎవరు చూశారమ్మా! కాలు చూసుకునుంటాడు."