మూరెడు తక్కువ కట్ట

"ఎంత ఎత్తు కడితే చెరువుకట్ట తెగకుండా ఉంటాది పెద్దయ్యా?" అని అడిగాడు కదిరప్ప. అడగకపోతే అతనికి అన్నం అరగదు. కట్టల పనిలో చేయి తిరిగిన ఓబుళయ్య మేస్త్రీకేమో నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యులు ఏమడిగినా చేతికో పార ఇచ్చేవాడు. ఆరోజూ అదే ఇచ్చాడు.

ఎర్రవంక చెరువుకు కొత్త కట్ట పూర్తి కావస్తోంది. దాని దిగువనే నలభై గడపల మగ్గాల పేట. కట్టంతా రాయి పేర్చి దిట్టంగా కట్టారు. ఉత్తరపు కొసన మాత్రం పది బారల మేర రాయి లేదు, గులకరాళ్ళు కలిసిన వట్టి గరుసుమట్టి, పైగా మూరెడు ఎత్తు తక్కువ. ఆ కొస కింద ఉన్నది ఓబుళయ్య సొంత శనక్కాయ చేను, అది దాటితే వాగు పారే వంక. ఇలా ఎందుకు వదిలాడా అని కదిరప్పకు ఒకటే ఆరాటం. అడిగితే మళ్ళీ పారే గతి! పాపం, పెద్దాయన వయసు మీదపడి మరిచిపోయాడని చివరికి తనే తేల్చుకున్నాడు. ఓబుళయ్య కూతురి ఊరికి వెళ్ళిన వారంలో తోటి పనివాళ్ళను కూడగట్టి, గురువు చేను కాపాడుతున్నానన్న సంబరంతో, ఆ కొసకు రాయీ బంకమట్టీ వేసి దిమ్మిస కొట్టి మిగతా కట్టకు సమం చేశాడు.

తర్వాత మూడు రోజులు ఒకటే వాన. అలుగు నిండుగా పారుతున్నా చెరువు ఎక్కుతూనే ఉంది. నాలుగో రోజు పొద్దున ఓబుళయ్య తడుస్తూ వచ్చేసరికి నీళ్ళు కట్ట అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. సరిగ్గా మగ్గాల పేట నెత్తిన కట్ట చెమ్మగిల్లి జారుతోంది.

"ఆ కొస ఏమైందిరా?"

"నేనే గట్టి చేసినా పెద్దయ్యా." ఆ మాట అంటూనే కదిరప్ప ఒకసారి పేట వైపు, ఒకసారి చేను వైపు చూశాడు. ఆ కొస ఎందుకు తక్కువో అప్పుడు తెలిసింది.

ఓబుళయ్య ఒక్క మాట తిట్టలేదు. శిష్యుడి నడుముకు మోకు కట్టి, రెండో చివర తను పట్టుకుని, పార అందించాడు. తను దిమ్మిస కొట్టిందాన్ని తనే తవ్వుతుంటే కదిరప్ప అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. ఇంత గట్టిగా ఎందుకు కొట్టాను దేవుడా అని ఏడ్చాడు. మధ్యాహ్నానికి గండి పడింది. నీళ్ళు శనక్కాయ చేను మీదుగా వంకలోకి దూకాయి. చేను మొత్తం కొట్టుకుపోయింది. సాయంత్రానికి చెరువు మూరెడు దిగింది. పేటలో ఒక్క మగ్గం గుంటలోకీ నీరు రాలేదు.

వాన వెలిశాక ఆ కొసను గరుసుతో తిరిగి కడుతూ కదిరప్ప ఆగాడు. "మళ్ళా మూరెడు తక్కువే పెట్టమంటావా పెద్దయ్యా? ఇట్లాంటి వానే ఇంకోటొస్తే నీ చేను మళ్ళా పోతాదే!"

పార అప్పటికే శిష్యుడి చేతిలో ఉంది. అందుకేనేమో, ఓబుళయ్య నోరు విప్పాడు.

"ఎంత వానొస్తాదో నాకు తెల్దు రా. తెల్దన్నోడి చేను పోక, ఇంకెవరిది పోవాల?"