నలభై రెండు అడుగులు

షింగో సన్యాసం పుచ్చుకుని ఆరేళ్ళయింది. అంతకుముందు అతను జపాన్‌లో జీతానికి బేస్‌బాల్ ఆడేవాడు. ఇప్పుడు అక్కడే ఒక కొండ మీది బౌద్ధ మఠంలో గెన్నో గురువు దగ్గర వంట చేస్తాడు, వాకిట్లో మంచు ఊడుస్తాడు. ఏ గిన్నెనైనా రెండు చేతులతోనే పట్టుకుంటాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. బేస్‌బాల్‌లోనూ మన క్రికెట్‌లో లాగే, గాల్లోకి లేచిన బంతిని కింద పడకుండా పట్టుకుంటే కొట్టినవాడు అవుట్. ఆ ఏడాది చిట్టచివరి పోటీ అది. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే షింగో జట్టుదే గెలుపు. బంతి విసిరినవాడు కజియామా. నలభై ఏళ్ళ మనిషి. పందొమ్మిదేళ్ళుగా ఆ జట్టుకే ఆడుతున్నా ఒక్కసారీ కప్పు చూడలేదు. ఆ రోజుతో ఆట మానేస్తున్నాడు.

బంతి నింపాదిగా లేచి నేరుగా షింగో చేతుల్లోకే వచ్చింది. బడిపిల్లలు కూడా పట్టే బంతి. జారిపోయింది. అతను వంగి తీసేలోపు అవతలివాళ్ళు ఇద్దరు పరుగు పూర్తి చేశారు. అంతే, షింగో జట్టు ఓడిపోయింది.

ఆరేళ్ళ తర్వాత, ఒక చలికాలంలో, కజియామా పోయాడని పేపర్లో పడింది.

అది చదివిన మర్నాడే మఠంలో సూదుల పండుగ. ఏడాదంతా కుట్టి కుట్టి విరిగిన సూదులను కుట్టుపనివాళ్ళు తెచ్చి టోఫులో గుచ్చుతారు. టోఫు అంటే సోయాపాల జున్ను, వెన్నలా ఉంటుంది. గట్టి గుడ్డల్లో పడి కష్టపడ్డ సూదికి చివరికో మెత్తటి పడక అన్నమాట.

షింగో తన పెట్టె అడుగు నుంచి బంతి పట్టేటప్పుడు తొడుక్కునే పాత తోలు గ్లవ్ తీసుకొచ్చి గురువు ముందు పెట్టాడు.

"దీన్ని తగలబెట్టించండి గురువుగారూ."

"ఏం చేసింది పాపం?"

"బంతి వదిలేసింది."

పక్కనే ఒకినో అనే ముసలి దర్జీ సూదులు గుచ్చుతోంది. కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.

"ఓహో, ఆ షింగోవి నువ్వేనా? ఆ రోజు మా ఆయన రేడియో తీసి గోడకేసి కొట్టాడు. మంచి రేడియో."

"క్షమించండి అవ్వా."

"నాకెందుకు చెబుతావు? రేడియోకి చెప్పు," అని మళ్ళీ సూదుల్లో పడింది.

గురువు గ్లవ్ మీది బూజును అరచేత్తో తుడిచాడు. "ఇక్కడ దేన్నీ శిక్షించం నాయనా. దండం పెట్టి పడుకోబెడతాం. పెట్టు."

షింగో చేతులు జోడించాడు. దండం బదులు నోట వేరే మాట వచ్చింది.

"ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. కజియామాగారు మాత్రం మైదానం మధ్యలో నించుండిపోయారు, నా వైపే చూస్తూ. నేను పక్క గేటులోంచి పారిపోయాను. తర్వాత రెండుసార్లు ఈ కొండెక్కి వచ్చారు. లేనని చెప్పించాను."

"ఆ రోజు ఎంత దూరంలో నించున్నాడు?"

షింగో బయటికి చూశాడు. "ఈ మెట్టు నుంచి ఆ గంట స్తంభం దాకా ఉంటుంది."

గురువుకు ఎనభై ఒకటి. చెప్పులు తొడుక్కుని, మంచులోకి దిగి, గంట స్తంభం దాకా వెళ్ళి ఇటు తిరిగి నించున్నాడు. చేతులు రెండూ పక్కన వదిలేశాడు.

"మంచు పడుతోంది. లోపలికి రండి గురువుగారూ."

గురువు అక్కణ్ణుంచి కదల్లేదు.

మంచు ఆయన గుండు మీద పడింది. భుజాల మీద పేరుకుంది. కుట్టుపనివాళ్ళంతా సూదులు గుచ్చడం ఆపేశారు.

"ముసలాయన కొయ్యబారిపోతాడు. వెళ్ళవయ్యా," అంది ఒకినో, మెల్లగా.

షింగో మెట్టు దిగాడు. సగం దూరం వెళ్ళి ఆగాడు. గురువు పెదవులు నీలంగా ఉన్నాయి. చూపు మాత్రం అతని మీదే ఉంది. ఆ చూపులో కోపం లేదు.

ఆ రోజు కజియామా ముఖం అంత దూరం నుంచి సరిగా కనబడలేదు. కోపంగానే ఉందని ఆరేళ్ళుగా అనుకుంటూ వచ్చాడు.

మళ్ళీ నడిచాడు. దగ్గరికి చేరి, నడుము వంచి, తల దించి అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

"నలభై రెండు అడుగులే," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇప్పుడాయన లేరు. ఇంకెవరి దగ్గరికి నడవను గురువుగారూ?"

గురువు అతని తల మీది మంచు దులిపాడు.

"నేనూ ఆయన్ని కాను. అయినా నడిచావు కదా."