ఎద్దు బూట్లు తొడిగిన జంబుకరావు

నవాబుల కాలంలో వేసిన తోట అది. చుట్టూ రాతి ప్రహరీ, తూర్పున ఇనుప కమాను, నడుమ కలువల కొలను, కొలను చుట్టూ తివాచీ పరిచినట్టు పచ్చిక. ఊరివాళ్లు సాయంత్రాలు టిక్కెట్టు కొని ఆ పచ్చికను చూడడానికి వస్తారు. చూడడానికే గాని తొక్కడానికి కాదు. ఆ తోటలో ఏ తప్పుకైనా క్షమ ఉండేది. పచ్చిక మీద పడిన అడుగుకు మాత్రం ఉండేది కాదు.

ఆ ధర్మాన్ని కాపాడేది సర్దారు అనే కాపలా కుక్క. చెవులు మందగించినా అతని చూపు తగ్గలేదు. పచ్చికను చదును చేసేది నందయ్య అనే ఎద్దు. గిట్టలు నేలలో దిగబడకుండా మాలి రోజూ పొద్దున్నే అతని కాళ్లకు తోలు బూట్లు తొడిగి, తాళ్లు బిగించి, వెనుక రాతి రోలరు కట్టేవాడు. నందయ్యకు ఆ పనిలో విసుగు లేదు. ఉన్నా, చెప్పుకునే అలవాటు లేదు.

ప్రహరీ వారన తూములో కాపురముండే నక్క పేరు జంబుకరావు. చివరి ‘రావు’ తనకు తానే తగిలించుకున్నాడు.

వానాకాలం వెనకబట్టింది. మాలీలు చామంతి నారును కుండీల్లోకి మారుస్తున్నారు, గులాబీ కొమ్మలు కత్తిరించి గుట్టలు పోస్తున్నారు. ఆ సందడిలోనే కొలను గట్టున, రెల్లుపొదలో, కలువమ్మ అనే బాతు గుడ్లు పొదుగుతోంది. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి జంబుకరావుకు కునుకు లేదు.

‘గుడ్లు పిల్లలైతే నీళ్లలోకి దిగిపోతాయి. నాకా, ఈత రాదు. ఆలస్యం అమృతం విషం’ అనుకున్నాడు.

అయితే కొలను చేరాలంటే పచ్చిక దాటాలి. దాటితే అడుగు పడుతుంది. పడితే సర్దారు చూస్తాడు. చూశాడా, తూము ఖాళీ చేయవలసిందే. ఇలా మథనపడుతున్న వేళ, కొట్టం గోడకు ఆరవేసిన నందయ్య బూట్లు అతని కంటబడ్డాయి.

‘ఆహా! బూటు ముద్ర పడితే ఎద్దునంటారు గాని నక్కనంటారా? ఇంత బుర్రను ఇన్నాళ్లూ తోకకు జోడీగా మోశానే గాని దీని విలువ తెలుసుకోలేదు!’

మర్నాడు రోలరు తిరగడం అయింది. మాలీలు చద్దన్నానికి కూర్చున్నారు. మెతుకుల కోసం సర్దారు వాళ్ల దగ్గరకు చేరాడు. కలువమ్మ గుడ్ల మీద ఆకులు కప్పి మేతకు వెళ్లింది. జంబుకరావు బూట్లలో ఎండుగడ్డి కుక్కి, కాళ్లు దూర్చి, తాళ్లు పళ్లతో బిగించాడు.

నడక మొదలైంది. ముందుకాళ్లు కొలను వైపు వెళ్తే వెనుకకాళ్లు కొట్టం వైపు వెళ్లాయి. వాటికి నచ్చజెప్పి కొంత దూరం తీసుకుపోయాడు. గులాబీ మడి దగ్గర నాలుగూ ఒకదానితో ఒకటి పేచీ పడ్డాయి. కత్తిరించిన ముళ్లకొమ్మల మీద చతికిలబడ్డాడు. వచ్చిన కేకను వచ్చినట్టే మింగాడు. ఎలాగో గట్టు చేరాడు. నోట పట్టేది ఒకటే గుడ్డు. మిగతావి రేపనుకుని దాన్ని తూములో దాచి, బూట్లు మళ్లీ గోడకు తగిలించాడు. భోజనం కంటే ముందు నందయ్యకు పడే శిక్ష చూడాలని అతని కోరిక.

కాసేపటికి తోట గగ్గోలెత్తింది.

“ఎవడ్రా నా పచ్చిక తొక్కింది?” సర్దారు అరిచాడు.

“పచ్చిక తరువాత! ముందు నా గుడ్డు సంగతి చూడవయ్యా!” అంది కలువమ్మ.

“గుడ్డుదేముందమ్మా, ఇంకొకటి పెట్టుకోవచ్చు.”

“ఏదీ, నువ్వొకటి పెట్టి చూపించు!”

జంబుకరావు కొంచెం కుంటుతూ వచ్చాడు. “ఏమిటి బాబాయ్ ఈ గొడవ? అయ్యయ్యో, బూటు ముద్రలే! పెద్దవాళ్లను అనడానికి నాకు నోరు రాదు. కానీ తోటలో బూట్లున్నవాడు ఒక్కడే కదా?”

అందరూ నందయ్య వైపు తిరిగారు.

“ఏమంటావు నందయ్యా?” అన్నాడు సర్దారు. “ఇది మాలి చూస్తే నిన్ను ఇటుకబట్టీకి తోలేస్తాడు.”

నందయ్య నెమరు ముగించేదాకా అందరూ ఆగవలసి వచ్చింది.

“సర్దారూ, ఇన్నేళ్లలో ఈ పచ్చిక మీద నా అడుగు ఎన్నడైనా చూశావా?”

సర్దారు తల గోక్కున్నాడు. “చూడలేదే!”

“ఎలా చూస్తావు? నా వెనుకే రోలరు వస్తుంది. నేను వేసిన అడుగును వేసినట్టే చెరిపేస్తుంది. నా జాడ ఎలా ఉంటుందో నాకే తెలియదు. ఇవాళే చూస్తున్నాను. ముచ్చటగానే ఉంది.”

ఇంత బుర్రలో ఆ రోలరు ఎందుకు పట్టలేదో జంబుకరావుకు అంతుచిక్కలేదు. అయినా తేరుకుని, “రోలరు లేకుండా షికారుకు వచ్చావేమో మామా!” అన్నాడు.

“మరి బూట్ల తాళ్లు ఎవరు కట్టారు అల్లుడూ? గిట్టలతో నేను ముడి వేసుకోగలనా?”

“ముడి వేయాలంటే వేళ్లన్నా ఉండాలి, పళ్లన్నా ఉండాలి” అంది కలువమ్మ.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జంబుకరావు నోరు గట్టిగా మూసుకున్నాడు.

“పళ్లు నాకూ ఉన్నాయి” అన్నాడు సర్దారు. “రుజువు కావాలి.”

నందయ్య గులాబీ మడి దగ్గరకు నడిచి, నలిగిన కొమ్మలను తీరిగ్గా పరికించాడు.

“ఎవడో గాని, నడక చేతకాని దద్దమ్మ. ఇదుగో, ఇక్కడ వెల్లకిలా పడ్డాడు. నాలుగు కాళ్లూ ఆకాశానికి పెట్టి.”

“అయ్యో పాపం!” అంది కలువమ్మ. “మరి గట్టుదాకా ఎలా వచ్చాడో?”

“పురుగులా పాక్కుంటూ.”

జంబుకరావు మీసాలు వణికాయి.

“ఏడ్చుకుంటూ కూడా వచ్చి ఉంటాడు” అన్నాడు నందయ్య సానుభూతిగా. “అమ్మా, అమ్మా అని.”

“అది పడడం కాదు, కూర్చోవడం!” జంబుకరావు గర్జించాడు. “పాకుడూ లేదు, ఏడుపూ లేదు! అన్ని ముళ్ల మీద కూర్చుని కూడా కిక్కురుమంటే ఒట్టు!”

అందరి తలలూ అతని వైపు తిరిగాయి.

“...అని నా ఊహ” అన్నాడు జంబుకరావు.

ఆ మాట పూర్తయ్యేలోగా సర్దారు లేచాడు. ఇద్దరూ కొలను చుట్టూ, మడుల మధ్య, పచ్చికకు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పరుగెత్తారు. చివరికి జంబుకరావు ప్రహరీ దూకి అవతల పడ్డాడు. ఈసారి కూర్చోవడం కాదు, నిజంగా పడడమే. తూములో గుడ్డు ఇంకా వెచ్చగానే దొరికింది. కలువమ్మ దాన్ని రెక్కల కిందకు లాక్కుని కూర్చుంది.

అప్పుడే మాలి చెయ్యి కడుక్కుని వచ్చి పచ్చికను చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, బూటు ముద్రల మీద కూడా, కుక్క అడుగులే. సర్దారుకు జన్మలో పడనన్ని తిట్లు పడ్డాయి. నందయ్యకు మళ్లీ బూట్లు తొడిగారు.

గోడవతల రోడ్డు మీద జంబుకరావు తోక కింద ముళ్లు తీసేవాళ్ల కోసం వెతుక్కుంటూ పోయాడు. అందరూ తీస్తామనేవాళ్లే, ఎలా గుచ్చుకున్నాయో ముందు చెప్పమనేవాళ్లే.

నీతి: బూట్లు అరువు దొరుకుతాయి గాని, నడక అరువు దొరకదు.